నాలుగు పలకలు, ఒక మలుగుచేప

ఎనిమిదో నెల, ఇరవై. ఎడో

రేపు పొద్దున్నే ఒసాకాకి ప్రయాణం.

హినోయా దుకాణం మతబెయ్ నా «పీపాల కమేకిచి పడమటి ప్రయాణం» మళ్ళీ అచ్చు వేస్తానన్నాడు. పదేళ్ళ క్రితం, మా అమ్మాయి ఒచికా పుట్టిన ఏడాది వచ్చిన పుస్తకం అది. ఎడోలో దాన్ని చదివి నవ్వని ఇల్లు లేదు. ఆ తర్వాత నేను రాసినవాటి గురించి ఇక్కడ రాయడం అనవసరం. అచ్చు పలకలన్నీ మతబెయ్ కొట్టులోనే ఉన్నాయి, నాలుగు తప్ప. ఆ నాలుగూ ఒసాకాలో నాదయా దుకాణంలో ఉన్నాయి. రెండు ఊళ్ళ వర్తకులు పొత్తులో పుస్తకం వేస్తే అంతే, ఒకడికి తెలియకుండా ఇంకొకడు అచ్చేసుకోకుండా కొన్ని పలకలు అవతలివాడి దగ్గర అట్టేపెడతారు. అవి కొత్తగా చెక్కించుకుంటే వర్తకుల సంఘం ఊరుకోదు. మతబెయ్ కబురు మీద కబురు పంపినా నాదయా నుంచి ఉలుకూ పలుకూ లేదు. యజమాని తోకుబెయ్ పోయాడట, ఆయన భార్యే కొట్టు చూసుకుంటోందట.

"పదో నెల ఆఖరుకల్లా ఆ నాలుగూ నా ముందుండాలి," అన్నాడు మతబెయ్. "లేకపోతే మిగతా వాటికి చిత్రిక పట్టించి ఊరగాయల పుస్తకం చెక్కించేస్తా. అంత మంచి చెర్రీ చెక్క మూల కూర్చుని ఏం చేస్తుంది చెప్పు, రాన్‌సుయి?"

ఊరగాయలట! నా కమేకిచిని గీకేసి ఆ చెక్క మీద ముల్లంగి ఊరగాయట!

నేనే వెళ్ళి తెస్తానన్నాను. నా పేరు చెబితే ఒసాకాలో ఏ తలుపు తెరుచుకోదు?

మా ఆవిడ ఒషిగే మూట కడుతూ అంది. "దారి నీకు కొత్త కాదులే. ముందుమాటలో రాసుకున్నావుగా, 'నా కాళ్ళతో నడిచి, నా కళ్ళతో చూసి రాశాను' అని." అని నవ్వింది. పక్కన ఒచికా ఉంది కాబట్టి నేను మాట్లాడలేదు. ముందుమాటలో అలా రాయడం ఆనవాయితీ. అందరూ రాస్తారు. నేను పటాలు చూశాను, వెళ్ళొచ్చినవాళ్ళకు సాకే సారా పోసి పోసి అడిగాను. కళ్ళు మూసుకుంటే ఒసాకా వంతెనలు ఒక్కొక్కటే కనిపిస్తాయి. కాళ్ళతో నడవడం మోతగాడి పని, రచయిత పని కాదు.

"నాన్నా, అక్కడ అందరూ నిన్ను గుర్తుపడతారా?" అంది ఒచికా.

"ఎందుకు పట్టరే!" అన్నాను.


ఎనిమిదో నెల, ఇరవై మూడు. ఒదవారా

సత్రం యజమాని నా పేరు వినగానే విసనకర్రలు తెచ్చి ముందు పరిచాడు. అన్నింటి మీదా సంతకం చేశాను. ఒసాకా ఎలా ఉంటుందని అడిగాడు. వంతెనలు, బియ్యం పడవలు, నాటకశాలలు, అన్నీ చెప్పాను. వింటున్నవాళ్ళు అన్నం మరిచిపోయారు. ఆ వీధుల్లోనే పుట్టి పెరిగినవాడు కూడా అంత బాగా చెప్పలేడు.


ఎనిమిదో నెల, ఇరవై తొమ్మిది

ఓయి నది పొంగింది. భుజాల మీద దాటించే మోతగాళ్ళు నీళ్ళలో దిగేది లేదంటున్నారు. ఇంటి గురించి ఆలోచించడం లేదు.


ఎనిమిదో నెల, ముప్పై

ఇంకా పొంగుతోంది. నేను బయలుదేరేటప్పుడు ఒచికా కాస్త దగ్గింది. ఆలోచించడం లేదు.


తొమ్మిదో నెల, తొమ్మిది. ఒసాకా

ఫుషిమిలో పడవ ఎక్కి యోదో నది మీదుగా దిగాను. మధ్యలో తిండి అమ్మేవాళ్ళు చిన్న పడవల మీద వచ్చి మీద పడ్డారు. "లేవరా మొద్దూ! కొనుక్కుని తిను! చేతిలో పైసా లేదా, కడుపులో ఆకలి లేదా?" అని ఒకడు నా మొహం మీదే అరిచాడు. నేనెవరో చెప్పాను. "అయితే ఇంకో గిన్నె తిను" అన్నాడు. పడవలో అందరూ నవ్వారు, వాళ్ళకిది అలవాటేనట. నా పుస్తకంలో ఈ పడవలు లేవు. కథకు అవసరం లేక వదిలేసి ఉంటాను.


తొమ్మిదో నెల, పది

నాదయా దుకాణానికి వెళ్ళాను. పేరు చెప్పాను. తలుపు తెరుచుకుంది. నేను చెప్పలేదూ!

యజమానురాలి పేరు ఒరికు. నలభై దాటి ఉంటుంది. నిటారుగా కూర్చుంటుంది. మాటలో తేనె, చూపులో సూది.

"కమేకిచి గురువుగారా తమరు! మా ఆయన ఉంటే మిమ్మల్ని నెత్తిన పెట్టుకునేవారండి. ఒసాకా రావడం ఎన్నోసారండి?"

"లెక్క పెట్టుకోలేదమ్మా," అన్నాను.

"అవునవును. పెద్దవాళ్ళకి లెక్కలెందుకు."

టీ అయ్యాక లోపలికి వెళ్ళి ముదురు నీలం గుడ్డలో చుట్టిన నాలుగు పలకలూ తెచ్చి నా ముందు విప్పింది. పదేళ్ళయినా బూజు లేదు, పురుగు లేదు. ఒక పలక ఎత్తి, తిరగేసి ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి గడగడా చదివింది. అది కమేకిచి మలుగుచేపల కొట్టుకి వెళ్ళే ఘట్టం. పాములా జారిపోయే చేపను వంటవాడు వీపు నుంచి కోయడం చూసి కమేకిచి, "భేష్! వర్తకుల ఊళ్ళో కూడా మర్యాద ఉందే! పొట్ట చీల్చి చేప చేత హరాకిరి చేయించకుండా కోస్తున్నారు!" అంటాడు. ఎడో జనం పొట్టచెక్కలయ్యేలా నవ్విన చోటు అదే.

ఆవిడ నవ్వలేదు.

"ఇది తమరే రాశారాండి?"

"మరెవరు?"

"మా పుట్టిల్లు మలుగుచేపల కొట్టండి. మా తాత, మా నాన్న, ఇప్పుడు మా తమ్ముడు. ఒక్కడైనా వీపు కోయగా నేను చూళ్ళేదు. ఒసాకా మొత్తం మీద ఎవడూ కోయడు. ఇక్కడ పొట్ట నుంచే కోస్తారండి. వీపు కోయడం మీ ఎడోలో. మీకు సమురాయిల భయం కదా, పొట్ట అంటే ఉలికిపడతారు."

నాకు చెవులు వేడెక్కాయి. "కథలో ఇలాంటివి ఉంటాయమ్మా," అన్నాను.

"కథలో కమేకిచి అబద్ధాలాడొచ్చండి. వాడి బతుకే అది. చేప ఆడకూడదు కదండీ?"

తర్వాత నెమ్మదిగా చెప్పింది. మతబెయ్‌తో పొత్తు కుదిరినప్పుడు ఏ నాలుగు పలకలు కావాలని అడిగితే తోకుబెయ్ వెతికి మరీ ఈ నాలుగూ తీసుకున్నాడట. ఆయనకు నా పుస్తకమంటే ప్రాణమట. సాయంత్రాలు కొట్టులో కూర్చుని పైకి చదివేవాడట, పక్క వీధి నుంచి కూడా జనం వచ్చేవాళ్ళట. "ఈ పుట దగ్గరికి వచ్చేసరికి దగ్గేవారండి. దగ్గి, రెండు పుటలు ఒకేసారి తిప్పేసేవారు. ఎడో ఆయన్ని చూసి మనవాళ్ళు నవ్వకూడదు అనేవారు. ఏదో ఒక రోజు ఆయనే వస్తాడు, కళ్ళతో చూస్తాడు, దిద్దుకుంటాడు, అప్పుడిద్దాం అన్నారు. పోయే ముందు కూడా అదే మాట. అందుకే మతబెయ్ గారికి జవాబు రాయలేదు."

దిద్దితే పలకలు నావి. తప్పున్న చోట చెక్క తవ్వి, కొత్త ముక్క మాటు వేసి చెక్కేవాడు ఈ వీధిలోనే ఉన్నాడట.

లేచి వచ్చేశాను. ఒక్క అక్షరం మార్చను. ఎడో అంతా నెత్తిన పెట్టుకున్న పుటని ఒక చేపలవాడి కూతురు చెప్పిందని మార్చడమా!


తొమ్మిదో నెల, పదకొండు

ఒక మలుగుచేపల కొట్టుకి వెళ్ళాను. పొట్ట నుంచి కోశాడు. అది ఆ ఒక్క కొట్టు అలవాటు అయి ఉండవచ్చు.


తొమ్మిదో నెల, పన్నెండు

ఊరికి ఇటు చివర ఒకటి, అటు చివర ఒకటి చూశాను. పొట్ట. ఆవిడ ముందే అందరికీ కబురు పంపిందని నా అనుమానం.


తొమ్మిదో నెల, పదిహేను

వర్షం. సత్రం గోడకి ఆనుకుని కూర్చున్నాను. పక్క గదిలో ఎవరిదో ఆడపిల్ల పాఠం చదువుతోంది. గొంతు అచ్చం ఒచికాలా ఉంది. లేచి వాకిలి దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.


తొమ్మిదో నెల, పద్దెనిమిది

ఇవాళ కూడా నాదయా వైపు వెళ్ళలేదు. వెళ్ళను కూడా. ఒట్టి చేతులతో ఇంటికి పోతే మతబెయ్ పలకలకు చిత్రిక పట్టిస్తాడు. పట్టించనీ. కమేకిచి పోతే పోయాడు, ఇంకొకణ్ణి పుట్టిస్తాను.

ఈ పదేళ్ళలో ఎంతమందిని పుట్టించానో నాకు తెలుసు. ఒక్కడూ నడవలేదు.

తోకుబెయ్ దగ్గు గుర్తొస్తోంది. ఆ మనిషి మొహం నేనెన్నడూ చూడలేదు. నా పుస్తకం పరువు పోకూడదని, తన ఊరివాళ్ళ ముందు రోజూ దొంగదగ్గు దగ్గాడు. ఎడోలో నన్ను పొగిడినవాళ్ళు వందల మంది ఉన్నారు. నా కోసం దగ్గినవాడు ఒక్కడూ లేడు.


తొమ్మిదో నెల, ఇరవై ఒకటి

ఒరికు నుంచి కబురు వచ్చింది. "మా పుట్టింటి కొట్టులో రేపు మంచి చేపలు వస్తున్నాయి. పుస్తకం సంగతి ఎత్తను. భోజనానికి రండి."

భోజనానికి పిలిస్తే వెళ్ళకపోవడం మర్యాద కాదు.


తొమ్మిదో నెల, ఇరవై రెండు

వెళ్ళాను. తమ్ముడు కోస్తాడనుకున్నాను. పుస్తకాల కొట్టు యజమానురాలు, పట్టు కిమోనో కట్టుకున్న ఒరికు, కిమోనో చేతులు తాడుతో పైకి బిగించి తనే బల్ల ముందుకు వెళ్ళింది. బుట్టలోంచి చేపను లాగి, తల బల్ల మీద పెట్టి, కంటి దగ్గర సీల దిగ్గొట్టింది. కత్తి పొట్ట మీద పెట్టి ఒక్క కోత.

నేను తల వంచేశాను. కావాలని కాదు. ఎడోలో పుట్టినవాడి ఒళ్ళు అది, పొట్ట తెగడం చూస్తే దానంతటదే వంగుతుంది. రెండు చేతులూ మోకాళ్ళ మీదకు వచ్చేశాయి.

ఒరికు, ఆమె తమ్ముడు, తింటున్నవాళ్ళు కూడా నన్నే చూస్తున్నారు. సిగ్గుతో ఏదో ఒకటి అనాలి కదా అని, "ఇంతకీ ఈయన ఏ ప్రభువు కోసం ప్రాణత్యాగం చేశాడమ్మా?" అన్నాను.

ఒరికు కత్తి తుడుస్తూ, "తమరి కోసమేనండి, అన్నంలోకి," అంది.

కొట్టంతా ఒక్కసారి గొల్లుమంది. నేను కూడా నవ్వాను. నవ్వుతుంటేనే ఒంట్లో ఏదో జివ్వుమంది. పదేళ్ళయింది ఆ జివ్వు తెలిసి. కమేకిచి ఆ కొట్టులో నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. వాడు చేపకు దండం పెడుతున్నాడు.

అన్నం వచ్చింది. చేప మెత్తగా ఉంది. మా ఊళ్ళో ఆవిరి మీద ఉడికించి కాలుస్తారు, ఇక్కడ నేరుగా నిప్పుల మీదే. దేనికదే. నేను రెండో గిన్నె కూడా తిన్నాను.

"ఇంకా మార్చనంటారా?" అంది ఒరికు. పుస్తకం సంగతి ఎత్తనని చెప్పిన మనిషి.

"కాగితం ఉందా?" అన్నాను.


తొమ్మిదో నెల, ఇరవై ఆరు

నాలుగు రోజులుగా సత్రం దాటలేదు. తవ్వి తీసేసిన చోట ఐదు వరసలు పడతాయి. అంతే. ఒక్క అక్షరం ఎక్కువైతే మాటు పట్టదు, తక్కువైతే ఖాళీ పళ్ళూడిన నోరులా కనిపిస్తుంది. ఆ ఐదు వరసల్లోనే చేప తెగాలి, కమేకిచి వంగాలి, ప్రశ్న అడగాలి, జవాబు రావాలి.

ఆ జవాబు ఒరికుదే కావచ్చు. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసింది నాకు. వంటవాడు మూడుసార్లు అనాల్సింది ఒకసారి అంటే చాలునని తెలిసింది నాకు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. ఉన్న మాట.


పదో నెల, ఐదు

మాటు పట్టింది. వేలు పెట్టి తడిమితే అతుకు తెలియడం లేదు. ఇంకు రాసి ఒక కాగితం మీద అచ్చు తీశారు.

సాయంత్రం ఒరికు కొట్టు ముందు చాప పరిపించింది. తోకుబెయ్ పోయాక అక్కడ ఎవరూ చదవలేదట. ఆవిడే చదివింది. వీధివాళ్ళు, మోతగాళ్ళు, పక్క టీ కొట్టు ముసలమ్మ, అందరూ కూర్చున్నారు. ఆ పుట వచ్చింది. ముసలమ్మకు అలవాటు కాబోలు, దగ్గు కోసం ఆగినట్టు తల ఎత్తింది.

ఒరికు దగ్గలేదు. పుట తిప్పలేదు. "తమరి కోసమేనండి, అన్నంలోకి" దాకా చదివింది.

ముందు ముసలమ్మ నవ్వింది. తర్వాత ఆ వీధి సంగతి చెప్పక్కర్లేదు. ఒసాకా నవ్వు ఎడో నవ్వులా ఉండదు, కింది నుంచి వస్తుంది. ఒరికు ఒక చేత్తో కాగితం పట్టుకుని, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకూ కళ్ళు తడి అయ్యాయి. గర్వంతోనే. నేను రాసినదాన్ని నేను మెచ్చుకోవడానికి నాకు సిగ్గు లేదు.

"మా ఆయన వినుంటే బాగుండేదండి," అంది చివర.

"విన్నారమ్మా," అన్నాను. అలాంటి మాటలు నేను సామాన్యంగా అనను.

నాలుగు పలకలూ అదే నీలం గుడ్డలో చుట్టి ఇచ్చింది.


పదో నెల, పదహారు

ఓయి నది. మోతగాడి భుజం మీద నేను, నా నెత్తిమీద పలకలు. "సామాన్లు వేరే మనిషికి ఇవ్వండి స్వామీ, ఇద్దరం మునుగుతాం," అని గొణుగుతూనే ఉన్నాడు. ఇవ్వలేదు.


పదో నెల, ఇరవై ఐదు. ఎడో

ఇంటికి వచ్చాను. ఒచికాకి దగ్గు ఎప్పుడో తగ్గిపోయిందట. ఒక జానెడు పెరిగింది. నన్ను చూసి మొదట గుమ్మంలోనే ఆగిపోయింది, తర్వాత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కాళ్ళు కడుక్కోమని ఒషిగే నీళ్ళు పెట్టింది. పగిలిన నా మడమలు చూసింది. వంగి తనే కడిగింది.


పదో నెల, ఇరవై ఆరు

మతబెయ్ పలకలు చూసి ఎగిరి గంతేశాడు. అచ్చు తీసిన కాగితం చదివి కూలబడ్డాడు.

"ఇదేంటిది? మలుగుచేప పొట్ట కోయడమా? నీకు మతి పోయిందా రాన్‌సుయి? ఎక్కడైనా ఎవడైనా పొట్ట కోస్తాడా?"

"ఒసాకాలో కోస్తారు."

"ఒసాకాలో ఏం చేస్తారో ఎడోలో ఎవడికి కావాలి! కొనేది ఎడోవాళ్ళు! పాతదే బాగుంది. మన చెక్కేవాడిని పిలిచి మళ్ళీ పాతదే పెట్టించేస్తా."

"పెట్టించు," అన్నాను. "కానీ కళ్ళతో చూశానన్న ముందుమాట నాది. అది తీసేయి, నా పేరు కూడా తీసేయి. పుస్తకం ఎవరు రాశారంటే తెలియదని చెప్పు."

నా నోట ఆ మాట వస్తుందని నాకే తెలియదు. పేరు తీసేయమనడం! ఇరవై ఏళ్ళుగా ఈ పేరు కోసమే కదా నేను బతికింది. మతబెయ్ కాగితం మళ్ళీ చదివాడు. "అన్నంలోకి" దగ్గర ముక్కులోంచి నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాడు.

"వేస్తా. తిట్లు మాత్రం నువ్వే తిను," అన్నాడు.

ఊరగాయల పుస్తకానికి వేరే చెక్క చూసుకుంటాడట.


కొత్త సంవత్సరం, మొదటి నెల, ఏడు

పుస్తకం వచ్చింది. తిట్లు కూడా వచ్చాయి.

స్నానశాలలో మెడ దాకా వేడినీళ్ళలో ఉన్నాను. ఆవిరిలో ఎవరికి ఎవరూ కనిపించరు. అవతల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"చూశావా రాన్‌సుయి పుస్తకం? పాతదాన్ని పాడు చేశాడయ్యా. మలుగుచేపని పొట్ట నుంచి కోయించాడు!"

"హవ్వ! ఒసాకా మొహం ఎన్నడూ చూడనివాడు అలాగే రాస్తాడు మరి. ముందుమాటలో మాత్రం కళ్ళతో చూశానంటాడు, సిగ్గు లేకుండా."

"పాతది రాసినప్పుడు నిజంగా వెళ్ళుంటాడు. అది ఎంత సహజంగా ఉండేది!"

నీళ్ళలోంచి లేచి నేనెవరో చెబుదామనుకున్నాను. మోకాళ్ళ దాకా లేచాను కూడా. మళ్ళీ కూర్చున్నాను. నేను వెళ్ళకుండా రాసినప్పుడు ఈ ఊరు నన్ను మోసింది. వెళ్ళి, చూసి, ఒళ్ళు వంచి రాస్తే తప్పంటోంది. అననీ. అంత వేడినీళ్ళలో కూర్చుని ఇంత గర్వంగా నేనెప్పుడూ లేను. ఒళ్ళంతా ఎర్రబడేదాకా అక్కడే ఉండిపోయాను.

ఇంటికి వచ్చి ఒషిగేకి చెప్పాను.

"మరి నోరు మూసుకుని ఎందుకు వచ్చావయ్యా? చిన్న మాట అంటే వీధి వీధంతా దెబ్బలాడేవాడివి," అంది.

"చెప్పడానికి ఏముంది? వాళ్ళు ఒసాకా వెళ్ళలేదు."




మొదటి నెల, పదిహేడు

ఒచికా రాత బడి నుంచి మోచెయ్యి గీరుకుని, జుట్టు రేగిపోయి వచ్చింది. బియ్యం కొట్టువాళ్ళ పిల్లతో కొట్లాట. "మీ నాన్న ఒసాకా వెళ్ళలేదు, అంతా అబద్ధం" అందట ఆ పిల్ల. ఇది ఇంకు గిన్నె దాని మీద కుమ్మరించింది. గురువమ్మ ఇద్దరినీ బయట నిలబెట్టింది.

తిట్టాలి. ఒషిగే తిట్టమన్నట్టు నా వైపు చూసింది.

మాటలొచ్చినప్పటి నుంచీ ఈ పిల్ల వీధిలో అందరికీ ఒకటే చెబుతోంది, మా నాన్న ఒసాకా వెళ్ళాడు, కళ్ళతో చూశాడు అని. ఇన్నాళ్ళూ అది చెప్పినప్పుడల్లా నేను పుస్తకంలోనో, టీ గిన్నెలోనో తల పెట్టేసేవాణ్ణి. ఇవాళ తల ఎత్తాను.

"నాన్నా, నిజంగా పొట్ట నుంచే కోస్తారా?"

"పొట్ట నుంచే. నా ముందే కోశారు. నేను తల వంచేశాను."

"నువ్వా?" కళ్ళు పెద్దవి చేసి నవ్వింది. "ఆ మాట కూడా చెప్పనా దానికి?"

"చెప్పు," అన్నాను.

మోచేతికి కట్టు కట్టించుకోకుండానే చెప్పులేసుకుని పరుగెత్తింది.